తొక్కితే ఆగే శబ్దం

ఆ శబ్దం మొదటిసారి విన్నది బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర. సాయంత్రం ఐదున్నర. గుడివాడలో కాలేజీ వదిలాక 40 కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చి, ఇంకాసేపట్లో ఇంట్లో పడతాననగా ఎర్రదీపం పడింది. గేరు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీది నుంచి కాలు తీశాను. కింద ఎక్కడో గరగరమంది. పప్పు పోయకుండా ఖాళీ విసుర్రాయి తిప్పితే రాయి మీద రాయి ఒరుసుకుంటుంది చూడండి, అలా. పక్కనున్న ఆటోదేమో అనుకున్నాను. పచ్చదీపం వెలగగానే క్లచ్ తొక్కాను. శబ్దం టక్కున ఆగిపోయింది. ఆటో మాత్రం పక్కనే మోగుతూ ఉంది.

మర్నాడూ అంతే. ఆ తర్వాత వారమంతా అంతే. కాలు తీస్తే వస్తుంది, తొక్కితే ఆగుతుంది.

ఇంట్లో చెప్పాను. ఆదివారం ఆయన కారు తీసుకుని బజారు పనులన్నీ చూసుకొచ్చారు. "నాకేం వినపడలేదే! నీ చెవుల్లో ఉందేమో చూసుకో" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నవ్వుతూ అన్న మాట పట్టుకుని పోట్లాడితే మనమే అల్పులమైపోతాం. అందుకని నేనూ నవ్వేశాను. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆయనకి వినపడలేదు. ఎందుకు వినపడలేదో తెలియడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది 43వ ఏట. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పే అతని కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. మనం తడబడితే అతను తొక్కేస్తాడు. మన ప్రాణం కోసమే, కాదనను. కానీ ఇరవై రోజుల పాఠాలయ్యాక కూడా బండిని ఆపింది నేనో అతనో నాకు తెలిసేది కాదు. అతను చెప్పిన పాఠాల్లో నాకు బాగా గుర్తున్నది ఒక్కటే: "బండి గురించి మీరేం ఆలోచించకండి మేడమ్, చెప్పింది చెయ్యండి." నా చదువంతా, నా ఉద్యోగమంతా ఆలోచించమని పిల్లలకి చెప్పడమే. అయినా ఆ కారులో కూర్చోగానే వినయంగా తలూపాను.

సర్వీసింగుకి ఇచ్చినప్పుడు శబ్దం సంగతి చెప్పాను. రాసుకునే కుర్రాడికి మా విద్యార్థుల వయసుంటుంది. నంబరు కొట్టగానే తెరమీద మా ఆయన పేరొచ్చింది, ముందు 'శ్రీ'తో సహా. నెలనెలా వాయిదాలు నా జీతంలోంచి కట్టిన కారే. రిజిస్ట్రేషన్ ఆయన పేరున ఉంటే మంచిదని ఎవరో అంటే, ఎందుకు మంచిదో అడగకుండా అలాగే చేయించాం. "కంప్లయింట్ ఏంటి మేడమ్?" అన్నాడు. "న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే గరగరమని శబ్దం వస్తోంది, తొక్కితే ఆగిపోతోంది" అన్నాను. అతను 'క్లచ్ నాయిస్' అని రాసుకున్నాడు. నేను చెప్పిన వాక్యంలో అసలు విషయమంతా ఆ 'వదిలితే'లోనూ 'తొక్కితే'లోనూ ఉంది. ఆ రెండూ పోయాయి.

సాయంత్రం వెళ్ళేసరికి "ట్రయల్ వేశాం, నార్మల్‌గానే ఉంది. లేడీస్ ఎక్కువగా హాఫ్ క్లచ్‌లో నడుపుతారు కదా మేడమ్, క్లచ్ తొందరగా పోతుంది. మీకు అనుమానంగా ఉంటే సెట్ మొత్తం మార్చేద్దాం. ఒకసారి సార్‌తో మాట్లాడించండి" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు సందు దొరకలేదు.

ఆ ఫారం చూస్తున్నప్పుడు ఎ. లలిత గుర్తొచ్చారు. మన తెలుగింటి అమ్మాయే. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, నెలల పసిపిల్లతో మిగిలి, మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి, 1940లలో ఎలక్ట్రికల్ ఇంజినీరై బయటికొచ్చారు. అప్పటిదాకా అక్కడ ఆడపిల్లలు చదివిందే లేదు. పట్టాల మీద ఇంగ్లీషులో 'అతడు' అనే అచ్చయి ఉండేది. దాన్ని కొట్టేసి 'ఆమె' అని చేత్తో దిద్ది ఇచ్చారట. ఇన్నేళ్ళ తర్వాత, కంప్యూటర్ తెరమీద ఆ మాత్రం కొట్టివేత కూడా సాధ్యం కాలేదు నాకు.

ఇంటికొచ్చి చెబితే ఆయన తేలిక ఉపాయం చెప్పారు. "తొక్కితే ఆగుతోందన్నావుగా. సిగ్నల్ దగ్గర తొక్కే ఉంచు. నేనెప్పుడూ అంతే."

అలాగే చేశాను. శబ్దం ఆగింది. సిగ్నల్ పడిన ప్రతిసారీ క్లచ్ అడుగంటా తొక్కి పట్టుకుని కూర్చునేదాన్ని. సాయంత్రాలు ఎడమ మోకాలు సలిపేది. పడుకోబోయేముందు కొబ్బరినూనె రాసుకునేదాన్ని. కారులో ఎవరెక్కినా "బండి భలే నిశ్శబ్దంగా ఉందే" అనేవారు. నేనూ మెల్లగా ఆ శబ్దం పోయిందనే నమ్మడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం మా మహిళా అధ్యాపకుల సమావేశం నుంచి నలుగురం కలిసి వస్తున్నాం. సిగ్నల్ దగ్గర మాటల్లో పడి కాలు తీసేశాను. గరగర. వెనక సీట్లో ఉన్న ఫిజిక్స్ మేడమ్ "అదేంటి?" అంది. నేను గబుక్కున క్లచ్ తొక్కి "ఏంలేదు, పాత బండి కదా" అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. "మళ్ళీ వదులు" అంది. వదిలాను. "తొక్కు." తొక్కాను. "అయితే శబ్దం క్లచ్‌ది కాదు, దాని అవతల తిరిగేదేదో ఉంది, దానిది" అంది. ఆవిడకి కారు నడపడం రాదు. బండి గురించి నేను చెప్పిన మాటని నమ్మి, దాని మీద ఇంకో ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆవిడ. నాకు గొంతు పట్టేసింది. ఇంత చిన్న విషయానికి కళ్ళలో నీళ్ళు రావడమేమిటని సిగ్గుపడ్డాను కూడా.

ఆ వేసవి సెలవుల్లో క్లచ్ గురించి చదివాను. చెప్పుకుంటే అంత కష్టమైనదేం కాదు. ఇంజను తిరుగుతూనే ఉండాలి, చక్రాలు మాత్రం మనం ఆపినప్పుడు ఆగాలి. ఆ రెంటినీ కలిపేదీ విడదీసేదీ క్లచ్. ఇంజను చివర ఫ్లైవీల్ అనే బరువైన ఇనపచక్రం ఉంటుంది. దానికి ఆనుకుని రెండు వైపులా గరుకు లైనింగు వేసిన క్లచ్ ప్లేటు. దాని వెనక ప్రెషర్ ప్లేటు, గట్టి స్ప్రింగు బలంతో క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పెడుతుంది. మనం పెడల్ ముట్టుకోనంతసేపూ మూడూ ఒక్కటై తిరుగుతాయి. క్లచ్ ప్లేటు నడిమి నుంచి ఒక ఇరుసు గేర్‌బాక్సులోకి పోతుంది. దాన్ని ఇన్‌పుట్ షాఫ్ట్ అంటారు. మనం పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ అనే ఉంగరం లాంటిది ముందుకు జరిగి స్ప్రింగుని నొక్కుతుంది. పట్టు వదులుతుంది. ఇంజను తన మానాన తాను తిరుగుతుంది, ఇరుసు ఆగిపోతుంది.

ఇది తెలిశాక శబ్దాల లెక్క తేలిక. తొక్కగానే మొదలయ్యే శబ్దమైతే, పనిలోకి వచ్చింది రిలీజ్ బేరింగ్ గనక ముందు దాన్ని అనుమానించాలి. న్యూట్రల్‌లో కాలు తీస్తే వచ్చి, తొక్కితే ఆగే శబ్దమైతే, ఆగింది ఇరుసు గనక దాన్ని మోసే గేర్‌బాక్సు బేరింగుని అనుమానించాలి. ఇంజను ఆపేసి తొక్కినా కీచుమంటే అది పెడల్ కీలో, కేబులో ఎండిపోయి చేసే గోల. ఇంజను రొద పెరుగుతున్నా బండి వేగం అందుకోకపోతే, మాడు వాసన వస్తే, ప్లేటు అరిగి జారుతోందన్నమాట. అప్పుడు శబ్దం ఉండకపోవచ్చు కూడా. అంటే 'ఏం శబ్దం' అన్నదాని కంటే 'ఎప్పుడు' అన్నదే ముఖ్యం. ఆయనకెందుకు వినపడలేదో అక్కడ తెలిసింది. ఆగిన ప్రతిచోటా ఆయన క్లచ్ తొక్కిపెట్టుకునే ఉంటారు. శబ్దం వచ్చే సందే ఇవ్వరు. సర్వీస్ కుర్రాడు కూడా గేటు దాకా నడిపి, తిప్పి తెచ్చి ఉంటాడు. వాళ్ళు వినలేదు గనక అది లేదు. నేను విన్నాను గనక నా చెవుల్లో ఉంది.

చదువుతుంటే బెర్తా బెంజ్ కథ కూడా తగిలింది. నేను రోజూ దాటే కూడలి పేరులో ఆ 'బెంజ్' ఉన్నా, ఈవిడ సంగతి నాకు తెలియదు. 1888 ఆగస్టులో, కార్ల్ బెంజ్ కారు తయారుచేసి ఇంట్లో పెట్టుకుంటే, భార్య ఆయనకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి, 100 కిలోమీటర్లకు పైగా నడుపుకుంటూ పుట్టింటికి వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ సూదితో పొడిచి తెరిచింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో వాటికి తోలు వేయించింది. కార్లలో మొదటి దూరప్రయాణం చేసింది ఒక ఆడది. దారిలో రిపేర్లు చేసుకున్నదీ ఆవిడే. ఆ కూడలి దాటుతూ 'లేడీస్ హాఫ్ క్లచ్' అన్న మాట తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తర్వాత పది రోజులు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. పొద్దున చల్లటి ఇంజను మీద ఎలా ఉంది, ఊరు దాటాక ఎలా ఉంది, ఇంజను ఆపి తొక్కితే ఏమైంది, కొంచెం తొక్కితే, పూర్తిగా తొక్కితే. తెలుగు చెప్పేదాన్ని గనక నాకో సౌకర్యం ఉంది. ధ్వన్యనుకరణ పదాలు పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను. గరగర వేరు, గురగుర వేరు, కీచు వేరు, కిర్రు వేరు, టకటక వేరు అని పిల్లలకి చెప్పేదాన్ని. అవి పరీక్షలో రెండు మార్కుల కోసమే కాదని నాకే ఇప్పుడు తెలిసింది. వదిలినప్పటి శబ్దానికి ఎదురుగా 'గరగర' అని రాశాను. నాలుగో రోజు ఇంకో సంగతి బయటపడింది. పెడల్ తొక్కుతున్నప్పుడు సన్నగా 'కీచు' మంటోంది. అది కొత్తది. మొదట్లో లేదు.

ఆ నోటుబుక్కు పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. ఒక్కదాన్నే. చిన్న రేకుల షెడ్డు. పెద్దాయన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. "సార్ రాలేదా?" అంటాడని ముందే జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆయన అది అడగలేదు. "శబ్దం వస్తోంది" అనగానే "ఎప్పుడొస్తదమ్మా? ఎప్పుడాగిద్ది?" అన్నాడు.

నోటుబుక్కు తీసి చదివాను. టీ గ్లాసు పక్కన పెట్టి విన్నాడు. "విసుర్రాయి లాగా వస్తోంది" అన్నాక, ఈ మాటకి నవ్వుతాడేమో అనుకున్నాను. "విసుర్రాయిలాగా వస్తే బేరింగే" అన్నాడు. హ్యాండ్ బ్రేకు వేయించి, ఇంజను న్యూట్రల్‌లో ఆన్ చేయించి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన గేర్‌బాక్సుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. నన్ను తొక్కమన్నాడు, వదలమన్నాడు. తర్వాత కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి "మీరూ వినండమ్మా" అని ఆ స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. పిడి చెవికి ఆనించగానే లోపలి గరగర ఎముకలోకి వచ్చినట్టు వినిపించింది. ఆర్నెల్ల తర్వాత, నా చెవుల్లో లేదు ఆ శబ్దం. ఇనుములో ఉంది.

గేర్ ఆయిల్ దింపితే ఉండాల్సిన దాంట్లో సగం కూడా రాలేదు. వచ్చిన నల్లటి నూనెలో చేప పొలుసుల పొడిలా ఏదో మెరుస్తోంది. "సీలు దగ్గర కారిపోయిందమ్మా. నూనె లేక బేరింగు అరిగింది. శబ్దం మొదలైనప్పుడే చూపించుకునుంటే సీలు మార్చి నూనె పోస్తే సరిపోయేదేమో." చూపించానని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి "ఈ కీచు మటుకు మీరు తెచ్చుకుందే. సిగ్నల్ కాడ కాలు తియ్యట్లేదా?" అన్నాడు. తియ్యట్లేదన్నాను. తొక్కి ఉంచినంతసేపూ రిలీజ్ బేరింగు మీద బరువు పడుతూనే ఉంటుందట. ఒక బేరింగు శబ్దం వినపడకుండా ఉండడానికి, నేను ఇంకో బేరింగుని అరగదీశాను. మోకాలు సంగతి సరేసరి.

ఆ పెద్దాయన్ని గొప్పవాణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. "మీ దగ్గర ఆడపిల్లలెవరైనా పని నేర్చుకుంటారా?" అని అడిగితే "ఈ మసిలోనా!" అని పెద్దగా నవ్వాడు. ఎదురు షెడ్డులో ఇద్దరు ఆడవాళ్ళు సీటు కవర్లు కుడుతున్నారు. సూది పట్టుకున్న చేతులకి స్పానరు అందని దూరంలో ఏం లేదు. కానీ ఆయన వేసిన ఆ రెండు ప్రశ్నలు నన్ను ఇంటిదాకా వదల్లేదు. ఎప్పుడొస్తుంది? ఎప్పుడు ఆగుతుంది?

మా అమ్మ 2011లో పోయింది. అంతకుముందు ఏడాదిగా ఒక మాట చెబుతుండేది. నీళ్ళ బిందె పట్టుకుని మేడెక్కుతుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుందనీ, ఎడమ దవడ లాగుతుందనీ, కాసేపు కూర్చుంటే తగ్గిపోతుందనీ. ఇప్పుడు రాస్తుంటే చూడండి, ఎంత స్పష్టంగా చెప్పిందో. ఎప్పుడొస్తుందో చెప్పింది. ఎప్పుడు ఆగుతుందో చెప్పింది. బరువెత్తి మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పి గుండెదేమోనని అనుమానించాలని వైద్యం చదివే పిల్లలకి చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి. ఆడవాళ్ళలో అది ఒక్కోసారి దవడ నొప్పిగా, వీపు నొప్పిగా, ఆయాసంగా, వికారంగా కూడా వస్తుంది. అందువల్ల గుర్తించడంలో ఆలస్యమవుతుందని వైద్యులే రాస్తున్నారు. అమ్మని చూసిన డాక్టరు 'గ్యాస్' అని రాశాడు. ఆవిడ వాక్యం మొత్తం ఒక్క మాటయిపోయింది.

డాక్టరుని అనడం తేలిక. నేనేం చేశాను? "అంత బరువు మొయ్యమన్నదెవరు, నెమ్మదిగా ఎక్కకూడదూ" అన్నాను. కోడళ్ళూ కొడుకులూ అందరం తలా ఒకటీ అన్నాం. ఆ తర్వాత అమ్మ చెప్పడం మానేసింది. మెట్ల మలుపులో ఒక మల్లెకుండీ ఉండేది. ఎక్కేటప్పుడు అక్కడ ఆగి ఎండాకులు తుంచుతూ కాసేపు నిలబడేది. మొక్కలంటే ఎంత ప్రేమో అనుకునేవాళ్ళం. ఆవిడ పోయిన చాలా రోజులకి గానీ ఆ కుండీ దగ్గర ఆవిడ ఊపిరి తీసుకునేదని నాకు తట్టలేదు. మా కారులో నేను ఆర్నెల్లు క్లచ్ తొక్కిపెట్టుకుని కూర్చున్నట్టే, ఆవిడ ఏడాదిపాటు ఆ నొప్పిని తొక్కిపెట్టుకుని తిరిగింది. మా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది.

మనం స్త్రీల గొంతు గురించి ఎంతో రాశాం, ఎంతో మాట్లాడాం. గొంతు విప్పమని చెప్పాం. అది అవసరమే. కానీ మా అమ్మ గొంతు విప్పింది. నేనూ విప్పాను. మాట పలకడం సగం పనే. అవతలివాళ్ళు ఆ మాటకి ఇంకో ప్రశ్న జోడించినప్పుడే అది సమాచారం అవుతుంది. లేకపోతే నస అవుతుంది. చదువుకున్నదాన్ని, స్త్రీవాదిని, మా అమ్మ విషయంలో ఆ ప్రశ్న నేను వేయలేదు. ఇది ఎవరి మీదికీ తోసేయగలిగేది కాదు.

కారు మూడు రోజుల తర్వాత ఇచ్చాడు. రెండు బేరింగులూ, సీలూ, కొత్త నూనె. ఎలాగూ విప్పారు గనక క్లచ్ ప్లేటు కూడా చూపించాడు. ఇంకా బాగానే ఉంది. "హాఫ్ క్లచ్‌లో నడిపే ప్లేటు ఇట్టా ఉండదమ్మా" అన్నాడు. అది ఆయన మామూలుగా అన్న మాటే. నాకు మాత్రం పట్టా అందుకున్నట్టయింది. సర్వీస్ సెంటర్ మాట విని క్లచ్ సెట్ మార్పించి ఉంటే డబ్బూ పోయేది, గరగరా పోయేది కాదు. పాత బేరింగు అడిగి తెచ్చుకున్నాను. నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను. వేలితో తిప్పితే ఇప్పటికీ అంటుంది, గరగర అని. ఆయన ఒకరోజు దాన్ని తిప్పి చూసి, కాసేపు పట్టుకుని, "ఇదేనా?" అన్నారు. "ఇదే" అన్నాను. అంతే. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆయన కూడా న్యూట్రల్ చేసి కాలు తీస్తున్నారు.

పోయిన వారం మా ఇంట్లో పనిచేసే ఆమె గిన్నెలు తోముతూ "చెయ్యి తిమ్మిరెక్కుతోందమ్మగారూ" అంది. "నీళ్ళలో నానుతోంది కదా" అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చేసింది కూడా. బల్ల మీద బేరింగు కనపడి ఆగాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఎప్పుడొస్తుంది?"

ఆమె పని ఆపి నా వైపు వింతగా చూసింది. "రాత్రిపూట. నిద్దర్లో లేపేస్తది. మూడేళ్ళూ మొద్దుబారిపోతాయి."

"ఎప్పుడు తగ్గుతుంది?"

"లేచి ఇట్టా విదిలిస్తే తగ్గుద్ది" అని తడి చెయ్యి గాలిలో విదిలించి చూపించింది.

అదీ కాగితం మీద రాశాను, ఆమె చెప్పింది చెప్పినట్టు, 'రాత్రిపూట' అనీ 'విదిలిస్తే' అనీ వదిలిపెట్టకుండా. మర్నాడు ఇద్దరం కారులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. దారిలో బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్రదీపం పడింది. కాలు తీసి కింద పెట్టాను.